ఒలికింది దేనితో పీల్చాలి? రాయగడ, కొరాపుట్ వైపు షెడ్లకూ గోదాములకూ ఒక మార్గదర్శి

రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఏ షెడ్డులోనైనా నేల మీద ఏదైనా ఒలికిందంటే హెల్పర్ నోట వచ్చే మొదటి మాట ఒకటే: "సార్, పొట్టు చల్లీమంటారా?" ఆ కుర్రాడిని తప్పుపట్టడానికేమీ లేదు. సామిల్లు పక్కనే ఉంటుంది, అడిగితే గోనె సంచెడు రంపపు పొట్టు ఊరికే ఇస్తారు, గేర్ ఆయిల్ మీద చల్లితే బాగానే పనిచేస్తుంది. అదే పొట్టు గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ మీదో నైట్రిక్ యాసిడ్ మీదో పడితే మాత్రం మంటలు లేవొచ్చు. అందుకే పీల్చే సరుకు కొనేటప్పుడు "ఇది ఎంత పీలుస్తుంది" అనే ప్రశ్న రెండోది. "ఇది దేని మీద పడకూడదు" అన్నది మొదటిది.

పెద్ద అల్యూమినా, కాగితం, ఫెర్రో అల్లాయ్స్ ప్లాంట్లకు సొంత సేఫ్టీ విభాగాలుంటాయి, వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వాటి చుట్టూ బతికే గ్యారేజీలు, ఫ్యాబ్రికేషన్ కాంట్రాక్టర్లు, జనరేటర్ గదులు, కెమికల్ గోదాములు, లారీ యార్డులు నడిపేవాళ్ల కోసం రాస్తున్నాను.

1. ముందు మీ దగ్గరున్న ద్రవాల జాబితా

కేటలాగు తెరవకముందే కాగితం, పెన్ను పట్టుకుని షెడ్డంతా ఒకసారి తిరగండి. డ్రమ్ములు, క్యాన్లు, బ్యాటరీలు, జనరేటర్ ట్యాంకు, జాక్‌లోని హైడ్రాలిక్ ఆయిల్, పెయింటర్ మూలన పెట్టిన థిన్నర్ డబ్బా, బాత్రూమ్ యాసిడ్ సీసా, అన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు: పేరు, ఎంత గాఢత, ఒకే డబ్బాలో గరిష్ఠంగా ఎన్ని లీటర్లు.

తర్వాత వాటిని ఐదు గుంపులుగా విడగొట్టండి. నూనెలు (ఇంజిన్, హైడ్రాలిక్, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్), త్వరగా అంటుకునేవి (పెట్రోల్, డీజిల్, థిన్నర్), నీటి ఆధారమైన మామూలువి (కూలెంట్, సబ్బు నీళ్లు), యాసిడ్లూ క్షారాలూ (బ్యాటరీ యాసిడ్, హైడ్రోక్లోరిక్, కాస్టిక్ లై), చివరగా ఆక్సిడైజర్లు, అంటే వేరేవాటిని మండించేవి (పెరాక్సైడ్, నైట్రిక్, హైపో అనే బ్లీచింగ్ ద్రావణం, క్లోరేట్ ద్రావణం). ఆఖరి గుంపును వేరే కాగితం మీద ఎర్ర సిరాతో రాసుకున్నా ఎక్కువేం కాదు.

ఏది ఏ గుంపో తేలకపోతే అమ్మినవాడిని ఎస్‌డీఎస్ అడగండి. సేఫ్టీ డేటా షీట్, అంటే ఆ ద్రవం భద్రతా వివరాలు రాసిన పదహారు విభాగాల కాగితం అది. మొత్తం చదవక్కర్లేదు. 6వ విభాగం ఒలికితే ఏం చేయాలో చెబుతుంది, 8వది ఏ గ్లౌజులు, ఏ కళ్లద్దాలో చెబుతుంది, 10వది దేనితో కలిస్తే ప్రమాదమో చెబుతుంది. సరుకు ఎంపికకు నిజంగా పనికొచ్చేది 10వదే. "మండే పదార్థాలకు దూరంగా ఉంచాలి" అని అందులో ఉంటే పొట్టు, కాటన్ వేస్ట్, గోనె సంచులు, కాగితం అన్నీ ఆ ద్రవానికి నిషిద్ధమే.

సాలూరు ఘాట్ మీదుగా వచ్చే ట్యాంకర్ల నుంచి సరుకు దింపుకునేవాళ్లు బండి మీది ప్రమాద సూచిక పలకను చూడడం అలవాటు చేసుకోవాలి. దాని మీది నాలుగంకెల యూఎన్ నంబరే ఆ ద్రవం గుర్తు. మన వైపు తరచూ కనబడే కొన్ని: డీజిల్ 1202, పెట్రోల్ 1203, హైడ్రోక్లోరిక్ యాసిడ్ 1789, హైపోక్లోరైట్ ద్రావణం 1791, కాస్టిక్ సోడా ద్రావణం 1824, గాఢ సల్ఫ్యూరిక్ 1830, పెరాక్సైడ్ (20 నుంచి 60 శాతం) 2014, బ్యాటరీ యాసిడ్ 2796. ఈ అంకెల్ని గేటు దగ్గర గోడ మీద రాయించండి. డ్రైవరుది ఏ భాషైనా అంకెల దగ్గర తేడా రాదు.

2. ఏది దేని మీద వేయకూడదు

కొంచెం నిదానంగా చదవాల్సిన చోటు ఇదే.

రంపపు పొట్టు, ఊక, కాటన్ వేస్ట్, గోనె, కొబ్బరి పొట్టు అన్నీ చెట్టూ చేమా నుంచి వచ్చినవి, అంటే మండేవి. గాఢ నైట్రిక్ వీటిని తాకితే గోధుమ రంగు విషవాయువు లేస్తుంది, వేడెక్కి అంటుకోవచ్చు. గాఢ సల్ఫ్యూరిక్ పడితే పొట్టు నల్లగా మాడిపోతుంది. క్లోరేట్ ద్రావణంతో ఇంకో రకం గండం ఉంది. తడిగా ఉన్నంతసేపు బుద్ధిగానే ఉంటుంది. ఆరాక, ఆ గుడ్డ మీద బీడీ నిప్పురవ్వ పడినా, కాలితో గట్టిగా రాపాడినా భగ్గుమంటుంది. క్లోరేట్ పడిన బట్టలు, బూట్లు అక్కడికక్కడే విప్పి నీళ్లలో ముంచమనేది అందుకే.

ఇసుకతో, మట్టి గుళికలతో నిప్పు భయం లేదు, కానీ వాటికీ ఒక శత్రువు ఉంది: హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. మా షెడ్డులో అదెందుకుంటుంది అనుకోకండి. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ మరకలు తీసే పిక్లింగ్ పేస్టులో ఉండేది నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ కలిపిన మిశ్రమమే. ఇసుకలోని సిలికాతో అది కలిస్తే సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. ఆ పేస్టు వాడే కాంట్రాక్టర్లు దాని ఎస్‌డీఎస్‌లో చెప్పిన సరుకునే పక్కన పెట్టుకోవాలి. ఆ యాసిడ్ చర్మం మీద పడితే పూయడానికి ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో కాల్షియం గ్లూకోనేట్ జెల్ తప్పనిసరి.

బ్లీచింగ్ హైపో మీద ఏ యాసిడ్ పడినా క్లోరిన్ వాయువు వస్తుంది. ఒలికినప్పుడే కాదు, తుడిచాక కూడా. హైపో పీల్చిన గుడ్డలూ యాసిడ్ పీల్చిన గుడ్డలూ ఒకే సంచిలో వేస్తే ఆ సంచిలోనే తయారవుతుంది.

కాస్టిక్ ఎత్తడానికి అల్యూమినియం చేట, జీఐ (జింక్ పూత పూసిన ఇనుప) బకెట్ వాడొద్దు. అల్యూమినియం, జింక్ రెండూ కాస్టిక్‌తో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతాయి. గట్టి ప్లాస్టిక్ చేట, ప్లాస్టిక్ బకెట్ కొనిపెట్టండి. ఖర్చు వందల్లోనే.

పెట్రోల్, థిన్నర్ పీల్చిన ప్యాడ్ (ద్రవాన్ని పీల్చే మెత్త) కూడా పెట్రోలంత ప్రమాదకరమే. పీల్చుకున్నంత మాత్రాన ఆవిరి రావడం ఆగదు. డీజిల్‌తో ఏం కాదులే అనే ధీమా మన వైపు ఎక్కువ. మన దేశ ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ (పైనున్న ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ వేడి మధ్యాహ్నానికే దాటుతుంది. ముందు స్విచ్చులు, గ్రైండర్లు ఆపించండి, ఆ తర్వాతే ప్యాడ్ల సంగతి.

3. సరుకు రకాలు, వాటి బలం, బలహీనత

స్థానికంగా దొరికేవాటితో మొదలుపెడదాం.

ఇసుక నిజానికి పీల్చదు. గింజల మధ్య ఖాళీల్లో ద్రవం నిలుస్తుందంతే. అడ్డుకట్ట వేయడానికి మాత్రం ఇసుక సంచిని మించింది లేదు. ఎండిన ఇసుకే పెట్టండి. వానలో తడిసిన ఇసుకను గాఢ సల్ఫ్యూరిక్ మీద వేస్తే వేడెక్కి చిమ్ముతుంది.

రంపపు పొట్టు మామూలు నూనెలకూ కూలెంట్‌కూ సరిపోతుంది. పొడిగా, జల్లించి ఉండాలి, ఇనుప మూత ఉన్న డ్రమ్ములో ఉండాలి. రైస్ మిల్లు ఊక కూడా ఉచితమే గానీ, నేను దాన్ని సిఫారసు చేయను. ఊక పైపొరలో సహజంగానే సిలికా ఉంటుంది, త్వరగా పీల్చదు, గాలికి ఎగురుతుంది. దానికన్నా ఉద్దానం వైపు కొబ్బరి పీచు యూనిట్లలో మిగిలే పొట్టు ఎంతో నయం. బాగా ఎండినదైతే నూనెనూ నీటినీ తన బరువుకు ఎన్నో రెట్లు పట్టుకుంటుంది. ఇదీ మండేదే, కాబట్టి ఎర్ర సిరా జాబితా దగ్గరికి వెళ్లకూడదు.

మట్టి గుళికలు చవక, చాలా రసాయనాలకు లొంగవు, పాదాల కింద జారవు. పీల్చేది సుమారుగా తన బరువంతే, కాబట్టి మోత ఎక్కువ. పోసేటప్పుడు దుమ్ము లేస్తుంది, అందులో సిలికా ఉండొచ్చు, మాస్కు కావాలి. నర్సరీల్లో దొరికే వెర్మిక్యులైట్ అనే ఖనిజం తేలిక, మండదు. యాసిడ్ సీసాల చుట్టూ నింపి పెట్టడానికి బాగుంటుంది.

ఇక ప్యాడ్లు. ఇవి ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేసినవి. ఈ ప్లాస్టిక్ స్వతహాగా నూనెను లాక్కుంటుంది, నీటిని తోసేస్తుంది, నీటి మీద తేలుతుంది. తెల్లవి నూనెకు మాత్రమే. బూడిద రంగువి యూనివర్సల్, నీటినీ పీల్చేలా వాటికి అదనపు పూత పూస్తారు. పసుపువి యాసిడ్లకూ క్షారాలకూ. ఈ రంగులు కంపెనీల మధ్య వాడుకే తప్ప చట్టమేమీ కాదు, ప్యాకెట్ మీద ఏం రాశారో చూసే కొనాలి.

రంగు తారుమారైతే ఏమవుతుందో బ్యాటరీ గదిలో తెలుస్తుంది. ఒలికిన యాసిడ్ మీద తెల్ల ప్యాడ్ పరిస్తే నేల కప్పుకున్నట్టే ఉంటుంది. యాసిడ్ ఒక్క చుక్క కూడా లోపలికి పోదు, ప్యాడ్ కింద నిలిచే ఉంటుంది. దాని మీద కాలు పెట్టినవాడి గతి ఆలోచించండి. అదే తెల్ల ప్యాడ్ ఆరుబయట లారీ యార్డులో, వానలో, బంగారం. చుట్టూ నీళ్లున్నా నూనెనే ఏరుకుంటుంది. అదే వానలో యూనివర్సల్ ప్యాడ్ పడేస్తే వర్షపు నీటితోనే నిండిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. ఒలికిన నూనె మీద ఎవరైనా ముందే సర్ఫ్ చల్లి నీళ్లు కొట్టారంటే తెల్ల ప్యాడ్ సరిగా పనిచేయదు. సబ్బుతో నూనె చిన్న బిందువులుగా నీళ్లలో కలిసిపోతుంది, ప్యాడ్ వాటిని ఏరలేదు. పైగా ఆ నురుగంతా కాలవలోకి పోతుంది. రాయగడలో కాలవ అంటే చివరికి నాగావళి, గుణుపురంలో అంటే వంశధార. రెండూ దిగువన మన శ్రీకాకుళం జిల్లాకు పోయే నీళ్లే.

4. ఎంత కొనాలి? లెక్క వేద్దాం

మీ జాబితాలో ఒక గుంపులో అతి పెద్ద డబ్బా ఏదో చూడండి. కొలత దాన్నిబట్టే. 200 లీటర్ల డ్రమ్ము మొత్తం ఒలికినా పట్టేలా కింద ట్రే ఉంటే కిట్టు (ఒలికినప్పుడు వాడే సరుకంతా పెట్టిన డ్రమ్ము) చిన్నదైనా ఫర్వాలేదు. ట్రే సామర్థ్యం పెద్ద డబ్బాకు 110 శాతం ఉండాలన్నది మంచి కొలత, అంటే ఈ డ్రమ్ముకు 220 లీటర్లు. ట్రే లేకుండా వంద ప్యాడ్లు కొనడం కన్నా ట్రే కొని ఇరవై ప్యాడ్లతో సరిపెట్టుకోవడమే తెలివి.

కంపెనీ చెప్పే సామర్థ్యం ప్రయోగశాలలో తేల్చినది. ఎగుడుదిగుడు సిమెంటు నేల మీద అందులో సగమే వస్తుందనుకుని కొనండి.

ధర పోల్చేటప్పుడు కిలో రేటు చూడొద్దు. 20 లీటర్ల హైడ్రాలిక్ ఆయిల్ బరువు సుమారు 17 నుంచి 18 కిలోలు. మట్టి గుళికలైతే దాదాపు అంతే బరువు కావాలి, చివరకు 35 కిలోల పైచిలుకు ప్రమాదకర వ్యర్థం మిగులుతుంది. బరువుకు పది రెట్లు పీల్చే ప్యాడ్లయితే రెండు కిలోల లోపు చాలు, వ్యర్థం 20 కిలోల దగ్గర ఆగుతుంది. వ్యర్థాన్ని పంపేటప్పుడు కిలోల చొప్పునే డబ్బు కట్టాలి కాబట్టి, చవకగా కనబడిన గుళికలు అక్కడ ఖరీదవుతాయి. అడపాదడపా చుక్కలు పడే చోట మాత్రం గుళికలే లాభం.

యాసిడ్లకు ప్యాడ్ కన్నా ముందు విరుగుడు కావాలి. లీటరు బ్యాటరీ యాసిడ్ (సుమారు 37 శాతం) చప్పబడాలంటే దాదాపు 800 గ్రాముల వంటసోడా పడుతుంది, కిలో లెక్కన పెట్టుకోండి. హైడ్రోక్లోరిక్ 32 శాతానికీ దాదాపు అంతే. గాఢ సల్ఫ్యూరిక్ 98 శాతమైతే లీటరుకు మూడు కిలోలు దాటుతుంది. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన వంద గ్రాముల సోడా ప్యాకెట్టు బ్యాటరీ గదిలో పెట్టి "కిట్టు ఉంది" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి. లీటరు బ్యాటరీ యాసిడ్‌ను సోడాతో విరిస్తే రెండు వందల లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ పొంగుతుంది. అందుకే తలుపులు తీసి, అంచుల నుంచి లోపలికి కొంచెం కొంచెంగా చల్లాలి. నురగ పూర్తిగా ఆగేదాకా సంచి మూతి కట్టకూడదు.

కాస్టిక్‌కు నిమ్మ ఉప్పు, అదే సిట్రిక్ యాసిడ్. 48 శాతం లై లీటరుకు సుమారు కిలోంపావు పడుతుంది. బాగా వేడి పుడుతుంది, కాబట్టి ముందు ఇసుకతో కట్టడి చేసి, నెమ్మదిగా వేయాలి. కాస్టిక్ కంట్లో పడితే యాసిడ్ కన్నా లోతుగా తినేస్తుంది. కళ్లద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి.

5. కొనే ముందు ట్రేలో పరీక్ష

రెండు ప్లాస్టిక్ ట్రేలు తీసుకోండి. రెండింటిలో వేలెత్తు నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో అర గ్లాసు పాత ఇంజిన్ ఆయిల్ వేయండి. ఒకదాంట్లో శాంపిల్ తెల్ల ప్యాడ్, ఇంకోదాంట్లో బూడిద ప్యాడ్ వదలండి. ఐదు నిమిషాలాగి తీయండి. తెల్లది నల్లగా మారి తేలుతూ ఉండాలి, పిండితే నూనె రావాలి, నీళ్లు రాకూడదు. నీళ్లు కారిందంటే అది నూనె ప్యాడ్ కాదు, అమ్మినవాడు ఏం చెప్పినా సరే. రెండు చేతులతో మూలలు పట్టుకుని ఎత్తినప్పుడు చిరిగితే అదీ వద్దు, ఒలికిన చోటి నుంచి సంచిదాకా దారంతా కారుతుంది. మీ షెడ్డులో వాడే అసలు కూలెంట్, అసలు ఆయిల్‌తోనే ఈ పరీక్ష చేయండి. యాసిడ్లు, పెరాక్సైడ్‌తో మాత్రం ఇలాంటి ప్రయోగాలు వద్దు, వాటికి కంపెనీ ఇచ్చే రసాయనాల పట్టికే ఆధారం.

6. ఒలికినప్పుడు వరస

ఏది ఒలికిందో తెలుసుకో, మనుషుల్ని జరుపు, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకో. ఆ తర్వాత డ్రమ్మును నిలబెట్టు లేదా వాల్వు మూయి. అప్పుడు చుట్టూ స్పిల్ సాక్‌లు (పీల్చే సరుకు నింపిన పొడవాటి గొట్టపు సంచులు) లేదా ఇసుక సంచులు, మొదటిది కాలవ వైపే. చివరికి ప్యాడ్లు, అంచు నుంచి మధ్యకు. మధ్యలో ముందు పడేస్తే ద్రవం పక్కలకు పాకుతుంది.

ఏ ద్రవమో తెలియకపోతే, ఘాటుకు గొంతు పట్టేస్తే, లేదా ఒలికింది మీ కిట్టు సామర్థ్యం కన్నా ఎక్కువైతే పీల్చే ప్రయత్నమే వద్దు. గాలికి ఎదురు దిక్కుగా బయటికి వచ్చి ఫైర్ సర్వీస్‌కు ఫోన్ చేయాలి.

కిట్టు ఎక్కడుండాలి? డ్రమ్ము పక్కన కాదు. ఒలికాక అక్కడికి చేరలేం. తలుపు దగ్గర, డ్రమ్ముకు పది అడుగులు దూరంగా. యూనివర్సల్ ప్యాడ్లు, గుళికలు వానాకాలపు తేమను లాగేస్తాయి, మూత గట్టిగా బిగిసే డ్రమ్ములో పెట్టండి. ఒకే షిఫ్టులో ఒడియా, తెలుగు, కువి మాట్లాడేవాళ్లు ఉంటారు గనుక మూత మీద రెండు లిపుల్లో రాసి, పక్కన బొమ్మ వేయించండి. తెల్ల డ్రమ్ము మీద ఆయిల్ క్యాను బొమ్మ, పసుపు డ్రమ్ము మీద బ్యాటరీ బొమ్మ. చదువు రానివాడు కూడా రాత్రి రెండింటికి సరైన మూతే తీయాలి.

7. వాడేసిన సరుకు ఎక్కడికి?

నూనె పీల్చిన గుడ్డల్ని బాయిలర్లో పడేయడం, ప్రహరీ అవతల తగలబెట్టడం రెండూ మామూలే, రెండూ నేరమే. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో 33.2 కింద రసాయనాలు అంటిన కాటన్ గుడ్డలు, శుభ్రం చేయడానికి వాడిన సరుకు అని స్పష్టంగా ఉంది. ఒక్కో గుంపు వ్యర్థం ఒక్కో సంచి, దాని మీద పేరు, తేదీ, లేబుల్. ఫారం 3లో నమోదు, పంపేటప్పుడు ఫారం 10 మ్యానిఫెస్ట్ (వ్యర్థంతో పాటు వెళ్లే రవాణా పత్రం). మామూలుగా 90 రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు.

అవిసె నూనె పెయింట్లు, వార్నిష్ తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే ఎవరూ నిప్పు పెట్టకుండానే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాలి.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఒడిశాలో ఇలాంటి వ్యర్థాల కేంద్రం జాజ్‌పూర్ జిల్లా సుకిందా ప్రాంతంలో ఉంది. రాయగడ నుంచి చూస్తే విశాఖ దగ్గర పరవాడలోని కేంద్రమే ఎంతో దగ్గర. కానీ పాసింజర్ ఆటోలో సామాను వేసినట్టు రాష్ట్రం దాటించడానికి వీల్లేదు. పారవేయడానికి పక్క రాష్ట్రానికి పంపాలంటే ఒడిశా, ఆంధ్ర కాలుష్య నియంత్రణ బోర్డులు రెండింటి నుంచీ నిరభ్యంతర పత్రం కావాలి. మీ వైపు దరఖాస్తు కదపడానికి ఒడిశా కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం రాయగడలోనే ఉంది. ఆ కాగితాలు చేతికొచ్చేదాకా సంచులు షెడ్డు దాటకూడదు, 90 రోజుల లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి మొదటి సంచి కట్టిన వారంలోనే దరఖాస్తు పెట్టేయండి.